పద్నాలుగు కుట్టు మిషన్ల ఆసామి

ఫిబ్రవరి 4

సూది పిన్నికి,

తొమ్మిదేళ్ళుగా నీ నెత్తిమీద కూర్చున్న నీ అక్క కూతురు రాస్తున్నది.

ఫోను చెయ్యలేదని తిట్టుకుంటూ ఉంటావు. పరీక్షలయ్యేదాకా మా హాస్టల్లో అందరి ఫోన్లూ వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఒకందుకు మంచిదే. ఫోన్లో నువ్వు అరిస్తే చెవి దూరంగా పెట్టుకోవాలి. ఉత్తరంలో అయితే నీ అరుపు నాకు నచ్చినంత మెల్లగా చదువుకోవచ్చు.

అసలు సంగతికొస్తాను. కాలేజీకి దరఖాస్తు పెట్టాను. సీటు ఒక ఎత్తు, ఫీజు ఇంకో ఎత్తు. సగం ఫీజుకి మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి నా మార్కులూ, నేను రాసే ఒక వ్యాసమూ కావాలి. అది నా తలనొప్పి. మిగతా సగమూ, హాస్టలు ఖర్చూ ఆర్థిక సాయం కింద ఇస్తారు. అది నీ తలనొప్పి. దీంతోపాటు పంపిన ఎనిమిది పేజీల ఫారం నువ్వే స్వయంగా నింపి, నాకు చూపించకుండా, నేరుగా కాలేజీకి పోస్టు చెయ్యాలి. పిల్లలు చూస్తే దిద్దేస్తారని వాళ్ళ అనుమానం.

రెండూ వస్తేనే చేరగలను. ఒకటి తప్పినా జూన్లో నీ పక్క మిషను మీద నేను కూర్చుని ఉంటాను, నువ్వు నన్ను రోజూ చూసి ఏడవాల్సి ఉంటుంది.

మూడే మాటలు పిన్నీ. గడి ఖాళీ వదలకు. నిజమే రాయి. తిట్లు రాయకు. మూడోది నీ వల్ల కాదని తెలుసు, అయినా ప్రయత్నించు. ఇరవయ్యో తేదీ ఆఖరు.

ఇట్లు,
నీ నెత్తిమీది బరువు


ఫిబ్రవరి 12

బరువుకి,

ఫారం అందింది. ఒకసారి చదివి లేచి నీళ్ళు తాగాను. రెండోసారి చదివి జిప్పుల తాతని పిలిచాను. బ్యాగులకి నలభై ఏళ్ళుగా జిప్పులు వేస్తున్న మనిషి, ఏదైనా మూసుకుపోతే తెరవడం ఆయనకే తెలుసు. ఆయన కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ చూసి, "ఇది చదువుకోవడానికా అమ్మా, జైలుకి పంపడానికా?" అన్నాడు.

ఎవడే ఇది రాసింది? వాడెప్పుడైనా అద్దె లేని మూలలో బతికాడా? ఇంట్లో ఒక్కొక్కరికి విడిగా గది ఉందా అట. బ్యాగుల షెడ్డులో వెనక మూల ప్లైవుడ్డు ముక్క అడ్డం పెట్టుకుని, అద్దెకి బదులు కాపలా కాస్తూ ఉంటున్న వాళ్ళం. నువ్వు సెలవులకి వస్తే ఇద్దరం ఒకేసారి పక్కకి తిరగాలి, లేకపోతే ఒకరు కింద పడతారు. ఇది ఏ గడిలో రాయమంటాడు?

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్క గడీ ఖాళీ వదల్లేదు. అడిగింది అడిగినట్టు రాశాను. లెక్కలున్నచోట నేనూ తాతా కలిసి రెండుసార్లు లెక్కపెట్టి మరీ రాశాం. ఏం లెక్కపెట్టామని అడక్కు, నీకు చూపించకూడదని రూలు కదా. సంరక్షకుల విద్యార్హత అని ఒక గడి ఉంది. పదో తరగతి అని రాసి పారేశాను, నీకు తెలిసిందేగా.

తిట్లు రాయలేదు. ఒకచోట పెన్ను నొక్కితే కాగితం చిరిగింది, అది తిట్టు కింద రాదు.

ఈ వారం ఆర్డరు ఎక్కువ. మూడు వందల బ్యాగులు కుట్టి, ఆకారం పోకుండా అన్నిట్లో పాత పేపర్లు కుక్కాం. ఎప్పటిలాగే సగం చిరిగిన వార్తలు. ఒక ఊళ్ళో గడియారం ఆగిపోయిందట, బాగుచేసే వాడి కోసం ఎవరో బయల్దేరారట, అక్కడికి కాగితం అయిపోయింది. రైల్లో మర్చిపోయిన ఆ మేక సంగతే నాకింకా తేలలేదు. ఎవరో ఆడమనిషి దిగిపోయింది, మేక మాత్రం నాలుగు స్టేషన్లు వెళ్ళింది, స్టేషన్ మాస్టరు దాన్ని బల్లకి కట్టేసి ఎదురుచూస్తున్నాడు. తొమ్మిదేళ్ళ కిందటి కాగితం, పైన తేదీ కూడా ఉంది, సెప్టెంబరు ఏడు. కింద సగం ఏ బ్యాగులో ఏ ఊరు పోయిందో! పాపం ఆ మాస్టరు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడనిపిస్తుంది నాకు.

నీ వ్యాసం ఒక నకలు పంపు. నేనూ చూస్తాను నీ గొప్ప.

సూది


మార్చి 3

పిన్నికి,

కూర్చున్నావా? కూర్చో. మిషను ఆపు. సూది కిందనుంచి చెయ్యి తియ్యి.

మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది! నాలుగేళ్ళూ సగం ఫీజు లేదు. మా ప్రిన్సిపాలు నన్ను పిలిచి భుజం తట్టింది. ఆవిడ భుజం తట్టడం ఎలా ఉంటుందంటే, బల్లమీద దుమ్ము దులిపినట్టు ఉంటుంది.

ఇక నీ సగమే మిగిలింది. నీ ఫారం అందిందట, పరిశీలనలో ఉందట.

వ్యాసం నకలు అడిగావు. అది పంపను. ఊరికే పంపనంతే. అందులో ఏముందని అడక్కు, నేను నీ లెక్కలు అడిగానా?

ఇట్లు,
సగం బరువు తగ్గినది


మార్చి 10

సగం బరువుకి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ వినిపించాను. చదువుతూ రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకున్నాను. రెగ్జిన్ దుమ్ము. తాత లేచి అందరికీ టీ పోయించాడు. మన యజమాని, అదే మూడు పెన్నులాయన, జేబులో పెన్నులు సర్దుకుంటూ వచ్చి, "శుభం, శుభం, ఇంతకీ ఇవాళ ఎన్ని బ్యాగులయ్యాయి?" అన్నాడు. ఆ మనిషి జేబులో మూడు పెన్నులుంటాయి, ఇన్నేళ్ళలో దేనిమీదా సంతకం పెట్టగా నేను చూడలేదు.

సరే. వ్యాసం ఎందుకు పంపవు? నాకు అర్థం కాదనుకున్నావా? అర్థమైంది. పెంచినవాళ్ళ గురించి రాయమని ఉంటారు. పిన్ని బ్యాగులు కుడుతుందని రాయడానికి సిగ్గేసి ఏ టీచరమ్మనో పిన్నిని చేసి ఉంటావు. రాసుకో. చీర కట్టించావా, కళ్ళజోడు కూడా పెట్టావా? నాకేం కోపం లేదు. కోపం లేదని రెండోసారి కూడా రాస్తున్నాను, కోపం లేదు.

హాస్టల్లో సరిగ్గా తిను. స్కాలర్‌షిప్ వచ్చిందని చదవడం మానకు, పరీక్షలింకా ఉన్నాయి.

టీచరమ్మ కాని పిన్ని


మార్చి 24

పద్నాలుగు కుట్టు మిషన్ల ఆసామి గారికి,

తమరు ఇంత ఆస్తిపరులని నాకు తెలియదు. తెలిస్తే చిన్నప్పటినుంచి కాస్త మర్యాదగా మాట్లాడేదాన్ని.

కాలేజీనుంచి కాగితం వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "దరఖాస్తుదారు కుటుంబానికి పద్నాలుగు కుట్టు యంత్రాలు, ఒక బట్ట కోత యంత్రం, ఒక జనరేటరు, ఒక సరకు రవాణా వాహనం ఉన్నందునను, నివాసం అరవై అడుగుల పొడవు గల ఏకగదిగా పేర్కొన్నందునను, ఆ నివాసానికి కాపలా మనిషి సైతం ఉన్నందునను ఆర్థిక సాయం నిరాకరించడమైనది."

పిన్నీ! కాపలా మనిషి ఎవరే? నువ్వేనా?

మొదట నవ్వాను. నా పక్క మంచం పిల్ల కూడా నవ్వింది. తర్వాత స్నానాల గదికి వెళ్ళి నవ్వడం ఆపాను. ఏప్రిల్ ఇరవైలోపు మళ్ళీ విన్నవించుకోవచ్చట. ఆ యంత్రాలు నీవి కావని యజమాని సంతకంతో కాగితం కావాలి, నీ సంజాయిషీ కావాలి. రెండూ లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆ మూడు పెన్నుల్లో ఒకటి పనిచేయించు పిన్నీ.

నీ ఫ్యాక్టరీ వారసురాలు


మార్చి 30

వారసురాలికి,

నవ్వు, నవ్వు. "మీరు నివసించు ప్రాంగణంలో ఉన్న యంత్రములు, వాహనములు అన్నియు పేర్కొనుడు" అని అడిగాడు వాడు. ఉన్నవి రాశాను. ఎవరివని అడిగాడా? లేదు. నిజమే రాయమన్నది ఎవరు? నువ్వు. గది పొడవు అడిగాడు, టేపు పెట్టి కొలిచాం, ఆ చివర తాత పట్టుకున్నాడు. నా మూలకి నాలుగో గోడ ఎక్కడుంది విడిగా కొలవడానికి? కాపలా ఉందా అన్నాడు, ఉందన్నాను. తొమ్మిదేళ్ళుగా ఉంది.

మూడు పెన్నులాయన్ని అడిగాను.

"అయ్యా, ఈ మిషన్లు మీవని ఒక ముక్క రాసివ్వండి."

"దానికి కాగితమెందుకమ్మా, అందరికీ తెలిసిందేగా."

"కాలేజీ వాళ్ళకి తెలీదండీ."

"రాయొచ్చులే, కానీ నువ్విక్కడ ఉంటున్నావని కూడా రాయాలి కదా. షెడ్డులో మనుషుల్ని ఉంచకూడదు. రేపు తనిఖీ వాళ్ళు ఆ కాగితం నా మొహాన కొడితే?"

అని వ్యానెక్కి వెళ్ళిపోయాడు. నా వ్యానే అది, కాలేజీ లెక్క ప్రకారం.

నాకిప్పుడు ఎవరిమీద కోపమో తెలీడం లేదు. ఫారం రాసినవాడి మీద ఉంది, ఈయన మీద ఉంది, నీమీద కూడా కాస్త ఉంది. ఆ వ్యాసం పంపు. సీటు పోతే పోనీ, నా బదులు ఏ టీచరమ్మని పెట్టుకున్నావో చూసి పోతాను.

సూది


ఏప్రిల్ 4

పిన్నీ,

ఈసారి వేళాకోళం తక్కువ. కొంచెం ఓపిగ్గా చదువు.

సాయం విభాగంలో ఒకావిడ మా ప్రిన్సిపాలుకి ఫోను చేసిందట. మిషన్ల సంగతి ఒక్కటే కాదట. నా వ్యాసంలో ఒకటి ఉంది, నీ ఫారంలో దానికి అడ్డంగా ఇంకొకటి ఉంది, ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారని అడిగింది. అది తేల్చకుండా విన్నపం చూడరట.

నీ బదులు ఎవర్నీ పెట్టలేదు. వ్యాసం పేరు "నా మొదటి విద్యార్థి". మొత్తం పంపే ధైర్యం ఇప్పటికీ లేదు, ఈ ఐదు వాక్యాలు చాలు.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పిన్నికి పదిహేడు. నా పుస్తకంలో ఏముందో చెప్పమంటే తలనొప్పి అనేది, కళ్ళు మంట అనేది, ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని 'బాగుంది' అంది. ఆరోజునుంచి నేను ప్రతి అక్షరం మీద వేలు పెట్టి, ఇరుగుపొరుగు తిట్టేంత గట్టిగా పాఠాలు చదవడం మొదలుపెట్టాను. మా పిన్ని బ్యాగుల్లో కాగితాలు కుక్కుతూ పెదాలు కదిపేది. మూడో నెల్లో ఒక చిరుగు కాగితం చూసి, 'ఈ మేక ఏమైందే?' అని అడిగింది."

నాకు మొదటినుంచీ తెలుసు పిన్నీ. పదో తరగతి నువ్వు చెప్పావు, నేను నమ్మినట్టు నటించాను. ఇద్దరం బాగానే చేశాం.

ఫారంలో నిజం నువ్వే రాయాలి. నేను చెప్పలేను. రాయకపోయినా నీమీద కోపం రాదు. జూన్లో వచ్చి నీ పక్కన కూర్చుంటాను, బాబిన్లో దారం చుట్టడం నాకు వచ్చుగా.

నీ మొదటి టీచరమ్మ


ఏప్రిల్ 12

టీచరమ్మకి,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. తిట్టడానికి మాటలు వెతికాను. దొరకలేదు. నా దగ్గర తిట్లు అయిపోవడం ఇదే మొదటిసారి, తాత జ్వరమొచ్చిందేమో అని నుదురు చూశాడు.

దొంగపిల్లా! ఆ గట్టిగా చదవడం నా కోసమా? పక్కవాళ్ళు గోడ బాదితే వాళ్ళతో పోట్లాడింది నేను!

ముందు యజమాని సంగతి చెబుతాను. నిన్న అందరిముందూ కాలేజీ కాగితం ఆయన చేతిలో పెట్టాను. "మీరేం రాయక్కర్లేదండీ. ఇవన్నీ నావేనని కాలేజీ వాళ్ళే ముద్రవేసి పంపారు. కాదనేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇక నావే. రేపట్నుంచి మీరు తొమ్మిదింటికల్లా రావాలి. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోత," అన్నాను. అది ఆయన పెట్టిన రూలే. తాత లేచి నిలబడి, "యజమానురాలా, మా జీతాల సంగతి కూడా ఒకసారి చూడమ్మా," అన్నాడు. పదకొండు మిషన్లు ఒకేసారి ఆగాయి, నవ్వుకి.

ఆయన మొహం ఎర్రబడింది. జేబులోంచి ఒక పెన్ను తీశాడు, రాయలేదు. రెండోది తీశాడు, రాయలేదు. మూడోదానికి మూతే ఉంది, పెన్ను లేదు. నా పెన్ను ఇచ్చాను. రాసిచ్చాడు. కానీ మే నెలాఖరుకి ఆ మూల ఖాళీ చెయ్యమన్నాడు. సరేనన్నాను. తాత ఇంటి పక్కన ఒక గది చూశాను. అద్దె కట్టాలి, కానీ కిటికీ ఉంది.

ఇక నా సంజాయిషీ. నకలు నీకూ పంపుతున్నాను, నీలాగా దాచుకోను.

"ఆర్థిక సాయం విభాగం వారికి. ఐదో పేజీలో నేను రాసిన మిషన్లూ జనరేటరూ వ్యానూ ఉన్నమాట నిజం. అవి నావి కావు. అవి ఉన్నచోట మేముంటాం. ఎవరివని మీరు అడగలేదు, చెప్పడానికి చోటూ ఇవ్వలేదు. యజమాని కాగితం జతచేశాను. కాపలా మనిషిని నేనే. ఆరో పేజీలో నా చదువు పదో తరగతి అని రాశాను. ఫారం మొత్తంలో అదొక్కటే అబద్ధం. నేను బడికి వెళ్ళలేదు. పదిహేడో ఏట బ్యాగుల్లో కుక్కే కాగితాలతో చదవడం నేర్చుకున్నాను. నేర్పింది ఎవరో నాకీమధ్యే తెలిసింది, మీకు ముందే తెలుసు. అబద్ధమాడింది నేను. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి, ఆ పిల్లకి కాదు. ఇంకొక మాట. ఉన్నవి లెక్కపెట్టడానికి మీ ఫారంలో వంద గడులున్నాయి. లేనివి రాయడానికి ఒక్కటీ లేదు. వచ్చే ఏడు పెట్టండి. కింద ఉన్నది నా సంతకం. వేలిముద్ర కాదు, చూసుకోండి."

రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదు నీ పాత పుస్తకంలో దాచాను.

నీ మొదటి విద్యార్థి


మే 16

పిన్నికి,

ఫోను తిరిగిచ్చారు. అయినా ఉత్తరమే రాస్తున్నాను, ఎందుకో చివరికి తెలుస్తుంది.

వచ్చింది! మిగతా సగం ఫీజూ, హాస్టలూ. నిన్న కాలేజీకి వెళ్ళి సంతకాలు పెట్టాను. సాయం విభాగంలో ఆవిడ నీ ఉత్తరం బల్ల అద్దం కింద పెట్టుకుంది. "మీ పిన్నిగారు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?" అంది. ఇందులో చాలా మెత్తగా మాట్లాడిందండీ అన్నాను. లేనివాటికి గడి పెట్టే సంగతి ఆవిడ కమిటీకి రాసిందట. పెడతారో లేదో చెప్పలేనంది.

తిరుగు రైలుకి అప్పటికి మూడు గంటల టైముంది. ఎదురుగా లైబ్రరీ. పాత పేపర్లు ఏడాదికొక కట్ట చొప్పున బైండు చేసి ఉన్నాయి. నాలుగు పేపర్ల కట్టలు తిప్పాను, తుమ్మి తుమ్మి చచ్చాను. నాలుగోదానిలో దొరికింది. తొమ్మిదేళ్ళ కిందటి సెప్టెంబరు ఏడు, మూడో పేజీ. కింద సగం ఇదిగో.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఆడమనిషి మేకని వెతుక్కుంటూ నాలుగు స్టేషన్లూ నడిచి వచ్చిందట. మేక నీదేనని రుజువేమిటని మాస్టరు అడిగాడట. టికెట్టు లేదు, రసీదు లేదు. ఆవిడ దూరంగా నిలబడి పేరుపెట్టి పిలిచిందట. మేక బల్లకి కట్టిన తాడు తెంపుకుని వెళ్ళి ఆవిడ పక్కన నిలబడిందట. మాస్టరు ఇంకే కాగితమూ అడగలేదట.

అంతే వార్త. ఇంక చిరగలేదు, అక్కడితో అయిపోయింది.

నీ బరువు,
ఇకనుంచి కాలేజీ బరువు


మే 23

కాలేజీదానికి,

నీ ఉత్తరం తాతకి చదివి వినిపించాను. మేక తాడు తెంపుకున్న దగ్గర ఆయన జిప్పు రన్నరు కిందపడేసి చప్పట్లు కొట్టాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను, ఇప్పుడు ఉందిగా. కొత్త గదిలో యంత్రాలు ఒక్కటీ లేవు, వాహనాలు లేవు, కాపలా లేదు. రేపెవడైనా ఫారం పంపితే రెండు నిమిషాల్లో నింపేస్తాను.

అన్నీ సరే. అంత దూరం వెళ్ళి, తుమ్మి తుమ్మి చచ్చి, పేపరు ముందు పెట్టుకుని, ఆ మేక పేరేమిటో రాయకుండా ఉత్తరం ముగిస్తావా? పేరుపెట్టి పిలిచిందట! ఏ పేరు? నీకు స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ళని అనాలి.

విడిగా ఒక బ్యాగు పంపుతున్నాను. మిగిలిన రెగ్జిన్ ముక్కలతో కుట్టాను. జిప్పు తాత వేశాడు, డబ్బులు తీసుకోలేదు. పుస్తకాలు పన్నెండు పడతాయి, పట్టకపోతే కుట్టు నాది కాదు. లోపల కుక్కిన కాగితాలు మాత్రం పారేశావో చంపుతాను. వాటిలో సగం వార్తలు పదిహేడున్నాయి. ఆగిపోయిన గడియారం అన్నిటికన్నా పైన ఉంది. తేదీలు లేనివాటిమీద నాకు గుర్తున్నంతవరకు పెన్సిలుతో వేశాను.

జూన్ రెండున కాలేజీ తెరుస్తారుగా. మొదటి వారం సర్దుకో. రెండో వారంనుంచి వారానికి ఒకటి చొప్పున చివర్లు వెతికి పంపు. ముందు మేక పేరు.

సూది